పిల్లుల విషయంలో మైత్రి

"కుక్కకీ పిల్లికీ ఇచ్చినపాటి విలువ మనకివ్వలేదు ఈ దేశం. ఇప్పుడు వాటికోసం మనం మాట్లాడాలా?" ధమ్మ సమావేశాల్లో పిల్లుల ఊసెత్తితే మనవాళ్ళలో ఎవరో ఒకరు ఇలా అడుగుతారు. తీసిపారేసే ప్రశ్న కాదు. పశువులు తాగే నీళ్ళు మనిషి ముట్టకూడదన్నందుకే బాబాసాహెబ్ 1927 మార్చి 20న మహాడ్‌లో చవదార్ చెరువు నీళ్ళు తాగారు. 1931లో గాంధీని కలిసినప్పుడు కూడా ఆయన కుక్కలు, పిల్లుల పోలికే తెచ్చారు.

అయితే పిల్లి తాగిందని ఆయన బాధపడలేదు, మనిషిని ఆపారని నిలదీశారు. 1956 అక్టోబరులో నాగపూర్‌లో చేయించిన 22 ప్రతిజ్ఞల్లో 13వది సకల ప్రాణుల మీద దయ చూపి, వాటిని కాపాడతానని. "బుద్ధుడు–ఆయన ధమ్మం"లో కరుణ మనుషుల వరకే, మైత్రి ప్రాణులన్నిటికీ అని వేరు చేసి చెప్పారు. అహింస నియమం కాదు, సూత్రం అని కూడా అక్కడే వివరించారు. చంపాలన్న కోరిక వేరు, చంపక తప్పని అవసరం వేరు.

ఈ కొలత మన పెడనకి పెట్టి చూద్దాం. మగ్గం ఇళ్ళల్లో నూలు కొరికే ఎలుకల కోసం పిల్లిని రానిస్తాం. అది ఈనితే మాత్రం పిల్లల్ని గోతాంలో వేసి కాలవ గట్టున వదిలేసి వస్తాం. "చంపలేదు కదా, వదిలేశాం అంతే" అంటారు. కళ్ళు తెరవని కూనని తల్లి నుంచి తీస్తే ఏమవుతుందో వదిలినవాడికి తెలుసు. తెలిసీ చేసినదానికి ఆ మాట అడ్డం రాదు. ఇందులో అవసరం ఎక్కడుంది?

విషం పెట్టించడం ఇంకో పద్ధతి. పెట్టమనేది ఎవరో, పెట్టేదీ తర్వాత కళేబరం ఎత్తేదీ ఎవరి చేతులో నేను చెప్పక్కర్లేదు. భారతీయ న్యాయ సంహిత 325వ సెక్షన్ కింద జంతువుకి విషం పెడితే అయిదేళ్ళ దాకా జైలు. కేసంటూ అయితే పట్టుబడేది కూడా ఆ పారిశుధ్య కార్మికుడే. చచ్చిన పశువుల్ని మోసే పని వదిలించుకోడానికి మన పెద్దలు ఎంత పోరాడారు!

రోజూ చేప తలకాయలు వేసి మంచిపని చేశామనుకునేవాళ్ళతోనూ నాకు పేచీ ఉంది. ఆడపిల్లి అయిదారు నెలలకే చూలు కడుతుంది, రెండు నెలల్లో ముగ్గురు నలుగుర్ని కంటుంది. తిండి మాత్రమే పెడితే ఆకలితో చచ్చే కూనల్ని పెంచినట్టే. సంతాన నియంత్రణ ఆపరేషన్ చేయించి, టీకా వేయించి, తెచ్చినచోటే వదలాలి. కుక్కల విషయంలో 2023 కేంద్ర నిబంధనల పద్ధతి ఇదే. కత్తి పెట్టడం హింస కాదా అంటే, నొప్పి ఉంది, కాదనను. దాన్ని అడిగి చేసేది కూడా కాదు. కానీ చేతన చూడాలి: రేపు పుట్టి గోతాంలోకి వెళ్ళే కూనల బాధ ఆపడానికే ఆ కోత. మత్తిచ్చి, పశువైద్యుడే చెయ్యాలి.

పిల్లి కరిచినా రేబిస్ రావచ్చు. పసుపు, సున్నం రాయకుండా గాయాన్ని పావుగంట సబ్బునీళ్ళతో కడిగి, వెంటనే ప్రభుత్వాసుపత్రికి వెళ్ళి టీకా వేయించుకోండి.

ఖర్చు ఎవరు పెట్టాలన్నది మిగిలింది. కూలి డబ్బుల్లోంచి మనం పెట్టలేం, పెట్టక్కర్లేదు కూడా. వార్డులో పిల్లులెన్నో లెక్క రాసి మున్సిపాలిటీకీ, పశువైద్యశాలకీ అర్జీ ఇద్దాం. అందులో పారిశుధ్య కార్మికులకి విషం పని చెప్పకూడదని ఒక వాక్యం రాసి, వాళ్ళ సంతకాలే ముందు పెట్టిద్దాం.