రెండవసారి చూచునప్పుడు

ఒక కథను మొదటిసారి చూచువాడు ఏమి జరిగినదో తెలిసికొనుటకు చూచును. దోషి ఎవడు, దొరకెనా లేదా, శిక్ష పడెనా లేదా అను ఆతురత అతనిని కడవరకు కూర్చుండబెట్టును. అంతయు ఎరిగియుండి అదే కథను మరల చూచువాని సంగతి వేరు. అతనికి తెలియవలసినది ఏదియు మిగులలేదు. అట్లయిన అతడు దేనికొరకు చూచుచున్నాడు? కథ నేరమును గూర్చినదై, ఆ నేరము నిజముగా ఒక యువతి ప్రాణము తీసినదై యున్నప్పుడు ఈ ప్రశ్న వినోదమునకు సంబంధించినది కాదు, మనస్సాక్షికి సంబంధించినది.

ఢిల్లీలోని కరోల్ బాగ్‌లో ఈ ప్రశ్నకు మరికొంత పదును గలదు. అజ్మల్ ఖాన్ రోడ్డున బట్టల అంగళ్లు, గఫార్ మార్కెట్టున ఫోన్ల అంగళ్లు. ఆ సందడికి వెనుక ఇరుకు సందులలో మూడు నాలుగు అంతస్తుల ఇండ్లు. 1947 తరువాత పశ్చిమ పంజాబునుండి వచ్చిన కాందిశీకులు అనేకులు స్థిరపడిన పేట ఇది. నేడు ఆ యిండ్ల గదులలో సివిల్ సర్వీసు పరీక్షలకు చదువవచ్చిన యువతీయువకులు అద్దెకుండి, పొరుగుననున్న ఓల్డ్ రాజేంద్ర నగర్ శిక్షణాలయములకు నడచిపోవుచుందురు. వారిలో తెలుగువారు తక్కువ కాదు. ఒక మంచము, ఒక బల్ల, గోడకు భారతదేశ పటము, మూలను వార్తాపత్రికల కట్ట. రాత్రి పుస్తకము మూసిన పిమ్మట అట్టి గదిలో ‘ఢిల్లీ క్రైమ్’ అను ధారావాహికను ఒకటికి రెండుమార్లు చూతురనిన అందులో వింత లేదు. దాని ముఖ్యపాత్ర ఒక ఐ.పి.ఎస్. అధికారిణి, ఆమె చేతిక్రింద శిక్షణలోనున్న మరియొక యువతి గలదు. పరీక్ష గెలిచినయెడల కొన్ని యేండ్లకు తాము తొడుగబోవు దుస్తులే ఆ తెరమీద కనబడుచున్నవి.

ఆ ధారావాహికకు మూలమైన సంగతి పాఠకులకు క్రొత్త కాదు. 2012 డిసెంబరు 16వ తేదీ ఆదివారము రాత్రి దక్షిణ ఢిల్లీలోని మునిర్కా వద్ద ఒక యువతియు ఆమె స్నేహితుడును ఒక ప్రైవేటు బస్సు ఎక్కిరి. అందులోని ఆరుగురు ఆమెను చెరచి, ఇనుప కమ్మీతో హింసించి, ఇద్దరిని మహిపాల్‌పూర్ వద్ద రోడ్డుప్రక్కన పారవేసిరి. 29వ తేదీన సింగపూరు ఆసుపత్రిలో ఆమె కన్నుమూసెను. బాధితురాలి పేరు వెల్లడింపరాదని చట్టము. గనుక పత్రికలు ఆమెను నిర్భయ అని పిలిచినవి. ఆ దర్యాప్తును కథగా చేసికొని రిచీ మెహతా తీసిన ‘ఢిల్లీ క్రైమ్’ ఏడు భాగములుగా 2019 మార్చిలో నెట్‌ఫ్లిక్స్‌లో వెలువడెను. వర్తికా చతుర్వేది అను డిప్యూటీ కమిషనరుగా షెఫాలీ షా నటించెను. 2020లో దానికి అంతర్జాతీయ ఎమ్మీ బహుమానము లభించెను.

సంఘములలోని పెద్దలు ఇట్టివాటిని చూడవద్దని చెప్పుదురు. అది పాతకాలపు మాటయని త్రోసివేయుట తొందరపాటు. నాలుగవ శతాబ్దములో కార్తేజు పట్టణమున చదువుకొనిన అగస్టీను నాటకశాలలకు వెళ్లుటయందు మిక్కిలి మక్కువ గలవాడు. తరువాత తన ‘కన్ఫెషన్స్’ గ్రంథములో ఆ దినములను పరిశీలించుచు ఒక సంగతి పట్టుకొనెను. తాను అనుభవింప నొల్లని దుఃఖమును మనుష్యుడు రంగస్థలము మీద చూచి ఏడ్చి ఆనందించును. అక్కడ అతనిని ఎవరును సహాయమునకు పిలువరు. కేవలము దుఃఖపడుటకే పిలుతురు. ఎంత ఎక్కువ ఏడ్చిన అంత మంచి ప్రేక్షకుడు. ఇది జాలియా, లేక జాలిని వాడుకొను సుఖమా అని అతడు అడిగెను.

ఆ గ్రంథములోనే అతని స్నేహితుడైన అలిపియుసు కథ ఉన్నది. రోములో ఖడ్గయోధుల క్రీడకు మిత్రులు బలవంతముగా తీసికొనిపోగా అతడు కన్నులు మూసికొని కూర్చుండెను. జనసమూహము ఒక్కసారి అరచెను. మూసికొనుటకు మరచినది చెవులను. కన్ను తెరచెను, రక్తము చూచెను, ఇక త్రిప్పుకొనలేకపోయెను. ఆ దినముతో తృప్తిపడక మరల వెళ్లెను. ఇతరులనుకూడ వెంటబెట్టుకొని వెళ్లెను. రెండవసారి చూచుటను గూర్చి పెద్దలకున్న భయమంతయు ఈ కథలోనున్నది. ఆ భయము నిరాధారమని ఎవరు చెప్పగలరు?

అయితే నేరమును చూడరాదను నియమమును పరిశుద్ధ గ్రంథమే పాటింపలేదు. న్యాయాధిపతులు 19వ అధ్యాయము ఆదివారపు ఆరాధనలో చదువబడుట అరుదు. గిబియా ఊరిలో ఒక లేవీయుని ఉపపత్నిని రాత్రియంతయు చెరచి, తెల్లవారువేళ విడిచిపెట్టిరి. ఆమె ఇంటి గుమ్మమువద్ద గడపమీద చేతులు పెట్టి పడియుండెను. మహిపాల్‌పూర్ రోడ్డుప్రక్కను తలచుకొనువానికి ఈ అధ్యాయము ప్రాచీన చరిత్రవలె తోచదు. దానిని వ్రాసి భద్రపరచినవారు వినోదముకొరకు భద్రపరచలేదు. చూచిన ప్రతివాడు ఆలోచించి, ఒకరితో నొకరు మాటలాడుకొని, తీర్పు చెప్పవలెనని ఆ అధ్యాయపు చివరి వచనము కోరుచున్నది.

ఆ తీర్పు ఏమైనదో తరువాతి రెండు అధ్యాయములు చెప్పుచున్నవి. అవి ఇంకను తక్కువగా చదువబడును. ఇశ్రాయేలీయులు నాలుగు లక్షలమంది కూడివచ్చి బెన్యామీను గోత్రమును ఆరువందలమంది మగవారు తప్ప మిగులనీయక హతము చేసిరి. పిమ్మట ఆ గోత్రము నశించునని విలపించి, మిగిలినవారికి భార్యలను సంపాదించుటకు యాబేష్గిలాదును కొల్లగొట్టి నాలుగువందలమంది కన్యకలను తెచ్చిరి. అదియు చాలక షిలోహులో నాట్యమాడుచున్న ఆడుపిల్లలను పట్టుకొనిపోనిచ్చిరి. ఒక స్త్రీకి జరిగిన అన్యాయమునకు పుట్టిన కోపము వందలమంది స్త్రీలకు అన్యాయముగా ముగిసెను. ఆ కోపము న్యాయమైనదే. కాని అది తన్ను తాను ఎన్నడును పరీక్షించుకొనలేదు.

ధారావాహికలో మిక్కిలి బలమైన దృశ్యమేదని చర్చించువారు తరచుగా చెప్పునది బస్సు డ్రైవరు పాత్రధారి నేరమును ఒప్పుకొను ఘట్టము. ఆ మాటలలో పశ్చాత్తాపపు నీడయైనను లేదు. అది చూచువాని పిడికిలి తానే బిగియును. మొదటిసారి చూచినప్పుడు దానికంటె గొప్ప దృశ్యము వేరొకటి లేదనిపించును. అయినను ఆ దృశ్యము ప్రేక్షకునికి చేయునదేమి? అతనిని శుద్ధునిగా చేయును. తాను వీనివంటివాడు కానని అతనికి రూఢియగును. నాతాను ప్రవక్త గొఱ్ఱెపిల్ల కథ చెప్పినప్పుడు దావీదునకు వచ్చిన కోపము అట్టిదే. ఆ ధనవంతునికి మరణశిక్ష విధించునంత కోపము. దావీదుకు కథ ఎదుట ఒక ప్రవక్త నిలువబడియుండెను. తెర ఎదుట కూర్చున్నవానికి ఎవరును లేరు.

రెండవసారి చూచినప్పుడు ఆ ఘట్టపు పట్టు సడలును. ఏమి రానున్నదో తెలియును గనుక. అప్పుడు మునుపు దాటిపోయిన దృశ్యములు ముందుకు వచ్చును. సఫ్దర్‌జంగ్ ఆసుపత్రిలో వైద్యుడు గాయములను ఒక్కొక్కటిగా చెప్పుచుండగా అధికారిణి వినుచు నిలువబడుట. శిక్షణలోనున్న యువతి నీతి, నేరస్థులను వెంటాడు సాహసమునకు కాక, రోగి చెంతను కనిపెట్టుకొనియుండు పనికి నియమింపబడుట. దినములతరబడి ఇల్లు మొగము చూడక స్టేషనులోనే గడపు సిబ్బంది. ఇవేవియు కథను ముందుకు నడపవు. అయినను వీటియందే ఆ ధారావాహిక మనస్సు కనబడుచున్నది. అన్నిటికంటె గొప్ప దృశ్యము, న్యాయముగా చెప్పవలెనన్న, అందులో లేని దృశ్యము. బస్సులో జరిగినది దర్శకుడు చూపలేదు. చూపియున్నయెడల, ఆ ఆరుగురితో కూడ ప్రేక్షకుడు ఏడవవాడుగా ఆ బస్సులో కూర్చుండవలసివచ్చెడిది. అలిపియుసు కన్ను తెరచిన చోట ఈ దర్శకుడు తెర మూసెను. ఈ కథ పోలీసుల పక్షమునుండి చెప్పబడినదని విమర్శకులు కొందరనిరి; ఆ మాటలో నిజమున్నది. కాని ఈ ఒక్క సంయమమునకు అతనిని మెచ్చుకొనక తప్పదు.

కథను విడిచి వాస్తవమునకు వచ్చిన, చూడవలసినవి మరి రెండున్నవి. ఆ రాత్రి ఆ జంటకంటె ముందు అదే బస్సులో ఒక వడ్రంగి ఎక్కెను. ఆ మనుష్యులే అతనిని దోచుకొని దింపివేసిరి. అతడు కనబడిన కానిస్టేబుళ్లతో మొరపెట్టుకొనగా, ఆ ప్రాంతము తమ స్టేషను హద్దులోనిది కాదని చెప్పిరి. బస్సు ముందుకు సాగి మునిర్కా చేరెను. రెండవది, రోడ్డుప్రక్కన పడియున్న గడియ. ఆటోలు, కార్లు, మోటారు సైకిళ్లు వేగము తగ్గించి, చూచి, వెళ్లిపోయెనని ఆ స్నేహితుడు 2013 జనవరిలో టెలివిజనులో చెప్పెను. వేగము తగ్గించుట గమనింపదగినది. వారు చూడకపోలేదు.

ద్వితీయోపదేశకాండము 21వ అధ్యాయమున ఇట్టి సందర్భమునకొక విధి గలదు. పొలములో ఒకని శవము పడియుండి, చంపినవాడెవడో తెలియనియెడల, పెద్దలును న్యాయాధిపతులును వచ్చి చుట్టునున్న ఊళ్లకు దూరము కొలువవలెను. ఏ ఊరు దగ్గరిదో ఆ ఊరి పెద్దలు కాడి మోయని పెయ్యను దున్నని లోయకు తోలుకొనిపోయి, మెడ విరుగతీసి, దానిమీద చేతులు కడుగుకొని, ఈ రక్తమును తమ చేతులు చిందింపలేదనియు తమ కన్నులు చూడలేదనియు చెప్పవలెను. ఇక్కడ హద్దు కొలుచుట దేనికి? బాధ్యత ఎవరిదో తేల్చి మోయుటకు. ఢిల్లీలో ఆ రాత్రి హద్దు కొలిచినది బాధ్యత తమది కాదని తేల్చుటకు. కొలనూలు ఒకటే, పట్టిన చేతుల ఉద్దేశము వేరు.

ఆ పెద్దల మాటలో రెండు భాగములున్నవి. చేతులు చేయలేదనుట మొదటిది, అది చాలదు. కన్నులు చూడలేదని కూడ చెప్పగలుగవలెను. మహిపాల్‌పూర్‌లో వేగము తగ్గించినవారు మొదటి మాట చెప్పగలరు, రెండవది చెప్పలేరు. కరోల్ బాగ్ గదిలో రెండుమార్లు చూచినవాడును అంతే. తెరమీదిదానికి అతడు ఏమియు చేయలేడు, నిజమే. కాని చూచితినన్న మాట అతనికి అంటుకొనియున్నది.

చూచినవారు చేయగల చెడ్డపని తెలుగుదేశమే కన్నది. 2019 నవంబరు 27న హైదరాబాదు పొలిమేరలో ఒక యువ పశువైద్యురాలు చెరచబడి చంపబడెను. డిసెంబరు 6న నలుగురు నిందితులను పోలీసులు షాద్‌నగర్ దగ్గర చటాన్‌పల్లి వద్ద కాల్చిచంపిరి. జనులు పోలీసులమీద పువ్వులు చల్లిరి. సర్వోన్నత న్యాయస్థానము నియమించిన సిర్పుర్కర్ కమిషను, చంపవలెనను ఉద్దేశముతోనే ఆ కాల్పులు జరిగెనని తేల్చెను. ఆ నివేదిక 2022 మేలో బయటికి వచ్చెను. పువ్వులు చల్లినవారిలో విశ్వాసులు ఉండలేదా? ఢిల్లీ కేసులో దారి వేరు. 2013 జనవరి 3న అభియోగపత్రము దాఖలై, విచారణ, అప్పీళ్లు నడచి, 2020 మార్చి 20న నలుగురు ఉరితీయబడిరి. మరణశిక్షను గూర్చి క్రైస్తవులలో భిన్నాభిప్రాయములుండవచ్చును. ఆ యేడేండ్ల నడక విసుగు పుట్టించినదనుటయు నిజమే. అయినను నిందితుడు నిందితుడుగా ఒక న్యాయపీఠము ఎదుట నిలువబడెను. గిబియా తరువాత ఇశ్రాయేలీయులకు ఆపాటి ఓపిక లేకపోయెను.

హద్దుల విషయములో చట్టము తరువాత మారినది. 2024 జూలై 1నుండి అమలులోనికి వచ్చిన నాగరిక సురక్షా సంహిత ప్రకారము నేరము ఎక్కడ జరిగినను ఏ స్టేషనులోనైనను ఫిర్యాదు నమోదు చేయవలెను. రోడ్డు ప్రమాదములలో గాయపడినవారికి సహాయపడువారిని వేధింపకుండ కాపాడు నిబంధనను 2019లో మోటారు వాహనముల చట్టమున చేర్చిరి; అట్టివానికి చట్టము పెట్టిన పేరు ‘గుడ్ సమారిటన్’. లూకా 10వ అధ్యాయము భారత శాసనములోనికి ఈ విధముగా వచ్చెను. ఈ రెంటిని కరోల్ బాగ్ అభ్యర్థి ఎరుగును. 2013నుండి అతని పరీక్షలో నీతిశాస్త్రమునకు 250 మార్కుల పత్రము ఒకటి యున్నది. వడ్రంగి మొర విన్న కానిస్టేబులు ఏమి చేయవలసియుండెనో అతడు తడబడక వ్రాయగలడు.

అయితే అతని గదినుండి కొలిచిన దగ్గరిగా తేలు చోటు మునిర్కా కాదు. 2024 జూలై 27న సాయంకాలపు వానకు ఓల్డ్ రాజేంద్ర నగర్‌లోని ఒక శిక్షణాలయపు నేలమాళిగలోనికి నీరు చొచ్చి ముగ్గురు విద్యార్థులు చనిపోయిరి. సామాను నిల్వకని అనుమతి పొందిన ఆ నేలమాళిగ గ్రంథాలయముగా నడుపబడుచుండెను. దర్యాప్తును ఢిల్లీ హైకోర్టు సి.బి.ఐ.కి అప్పగించెను. ఇక్కడ ఇనుప కమ్మీ పట్టిన చెయ్యి లేదు, తెరమీద పిడికిలి బిగింపజేయు ఒప్పుకోలు ఘట్టము లేదు. మెట్లున్నవి, దినదినము ఆ మెట్లు దిగి చదువుకొని పైకి వచ్చినవారున్నారు. మరునాడు కరోల్ బాగ్ మెట్రో స్టేషను క్రింద రోడ్డుమీద విద్యార్థులు గుంపుగా కూర్చుండిరి, కోపము న్యాయమైనదే. అంతకు ఒక నెల ముందు, ఆ వానలు రాకమునుపే, ఒక అభ్యర్థి ఆ నేలమాళిగను గూర్చి నగరపాలక సంస్థకు ఫిర్యాదు పంపియుండెను. జవాబు రాకపోగా జూలైలో మరల జ్ఞాపకము చేసెను. అతడు ‘ఢిల్లీ క్రైమ్’ చూచెనో లేదో ఎవరికిని తెలియదు.