గర్భదినముల లెక్క

చదువవలసిన భాగములు: లూకా 1:24–57, మత్తయి 1:18–25



వైద్యుడైన లూకా తన సువార్త మొదటనే ఇద్దరు గర్భవతుల సంగతి వ్రాయుచున్నాడు. ఎలీసబెతు అయిదు నెలలు మరుగున నుండెను. ఆమెకు ఆరవ నెల జరుగుచుండగా దూత మరియయొద్దకు వచ్చెను. మరియ ఇంచుమించు మూడు నెలలు ఆమె యింట నిలిచెను. గర్భిణీ స్త్రీ నెలలను లేఖనమే లెక్కించినప్పుడు, ఆ లెక్క ఆడువారికి మాత్రమే విడిచిపెట్టదగినది కాదు. పురుషులమైన మనమును దానిని నేర్చుకొనవలెను.

గర్భము నిలిచిన దినము తెలిసినయెడల, అక్కడనుండి 266 దినములు, అనగా 38 వారములు లెక్కింపవలెను. సులువుగా చేయవలెనంటే, ఆ తేదీకి తొమ్మిది నెలలు కలిపి ఏడు దినములు తీసివేయుడి. జనవరి 15న గర్భము నిలిచినయెడల అక్టోబరు 8 కాన్పు తేదీ యగును. మన అవ్వలు చెప్పు నవమాసములును దీనికి దగ్గరే. పున్నమినుండి పున్నమికి సుమారు 29న్నర దినములు గనుక, అట్టి తొమ్మిది నెలలకు 266 దినములగును.

అయితే గర్భము నిలిచిన దినము ఎవరికిని కనబడదు. భార్యాభర్తలు కలిసిన దినముననే అది జరుగవలెనని లేదు. కొన్ని దినములు గడచిన తరువాతను జరుగవచ్చును. అందుచేత వైద్యులు స్త్రీకి తెలిసిన దినమును, అనగా కడపటి బహిష్టు మొదటి దినమును పట్టుకొని, 280 దినములు, అనగా 40 వారములు లెక్కించుదురు. ఈ లెక్కలో మొదటి రెండు వారములు ఇంచుమించుగా గర్భము నిలువక ముందటివే. బహిష్టు క్రమము తప్పినవారికి మొదటి మూడు నెలలలో చేయించిన స్కానింగువలన తేదీ మరింత సరిగా తెలియును.

ఈ రెండు వారముల సంగతి తెలియక కొన్ని ఇండ్లలో కన్నీళ్లు కారుచున్నవి. దూరదేశమున పనిచేయు ఒక సహోదరుడు జనవరి 12న ఇల్లు చేరెననుకొనుడి. ఫిబ్రవరి 26న భార్యను ఆసుపత్రికి తీసికొనిపోగా చీటీమీద "8 వారములు" అని వ్రాసిరి. తాను వచ్చి ఆరు వారములు దాటి మూడు దినములే. అత్తగారు వ్రేళ్లు ముడిచి లెక్కబెట్టును. ఇరుగుపొరుగువారు చెవులు కొరుకుకొందురు. నిర్దోషియైన బిడ్డతల్లి తల యెత్తలేకపోవును. కాని ఆమె కడపటి బహిష్టు జనవరి 1. గర్భము నిలిచినది జనవరి 15 ప్రాంతమున. బిడ్డకు ఆరు వారములే. చీటీ అబద్ధమాడలేదు, ఆమెయు అబద్ధమాడలేదు. లెక్క తెలియనివారే తప్పు చేసిరి.

యోసేపును చూడుడి. మనుష్యుల లెక్కప్రకారము ఆయనకు ఏమియు సరిపడలేదు. అయినను నీతిమంతుడైన ఆయన మరియను నలుగురిలో అవమానపరచగోరలేదు. వీధిలో మాటలాడలేదు, లోలోపల ఆలోచించుకొనుచుండెను. అంతట దేవుడు ఆయనకు సత్యము తెలియజేసెను. అంత గొప్ప కారణమున్న యోసేపే నోరు మూసికొనగా, రెండు వారముల భేదమునకు మనము ఒక స్త్రీ మానము తీయవచ్చునా?

దినములు లెక్కించుట ఆమె కొరకు సిద్ధపడుటకే. సరిగా చెప్పిన తేదీననే పుట్టు బిడ్డలు నూటికి అయిదుగురు మాత్రమే. 37వ వారము నిండినది మొదలు ఎప్పుడైనను కాన్పు రావచ్చును గనుక, మూడు వారములు ముందే బండి, సొమ్ము, తోడు వచ్చు మనిషిని సిద్ధముచేసికొనుడి. అంతకుముందే నొప్పులు వచ్చినను, రక్తము కనబడినను, నీరు పోయినను, బిడ్డ కదలిక తగ్గినను ఆలస్యము చేయక ఆసుపత్రికి వెళ్లుడి. తేదీ దాటిపోయినను ఇంటిలో కూర్చుండక వైద్యులకు చూపింపుడి. మరియ కొండసీమకు త్వరపడి పోయినట్లు, సంఘములోని స్త్రీలు గర్భవతియైన సహోదరి యింటికి పోయి నీళ్లు మోసిపెట్టుడి, వంటలో సాయపడుడి.

ఎముకలు గర్భములో ఎట్లు ఎదుగునో మనకు తెలియదని ప్రసంగి చెప్పుచున్నాడు (11:5). మన లెక్క కొన్ని దినములు తప్పవచ్చును; ఆయన కన్నులు ఆ బిడ్డను మొదటి దినమునుండి చూచుచున్నవి (కీర్తన 139:16).

ప్రార్థన: ప్రభువా, మా యిండ్లలోని గర్భవతులను కాపాడుము. అనుమానపు మాటలనుండి మా నోళ్లను కాయుము. వారి దినములు నిండువరకు వారి భారము మోయుటకు మాకు ప్రేమ దయచేయుము. ఆమేన్.