మడుగు దగ్గర దొంగ

మంజీర వెళ్ళి గోదావరిలో కలిసేది కందకుర్తి దగ్గర. దానికి కొంచెం ఎగువన ఒక ఊరు. పేరు కథకు అక్కర్లేదు. బోధన్ చుట్టుపక్కల ఏటి ఒడ్డు ఊళ్ళన్నీ ఇంచుమించు ఒకటే తీరు: ఒక దిక్కు నల్లరేగడిలో చెరకు, ఇంకో దిక్కు ఏరు, నడుమ గంగపుత్రుల వాడ.

ఆ ఏడు ఎండాకాలం ముందే వచ్చింది. మంజీర పారడం మానేసి మడుగులు మడుగులుగా నిలిచిపోయింది. ఊరి ముందర మిగిలింది ఒక్కటే లోతు మడుగు. ఏట్లో బతికున్న చేపంతా అందులోనే చేరింది. వాడలోని వలలన్నీ అందులోనే దిగాయి. ఎక్కడి నుంచో నీటికుక్కల గుంపొకటి కూడా దాని ఒడ్డునే కాపురం పెట్టింది.

వాడలో ఒక పిలగాడికి కొత్త టంగీసు వల ఉంది, అప్పు చేసి కొన్నది. ఒక తెల్లవారుజామున పోయి లాగితే వల తేలిగ్గా వచ్చింది. వల కళ్ళకు బొచ్చెల తలకాయలు మాత్రం చిక్కుకుని ఉన్నాయి, మొండేల్లేవు. మూడు చోట్ల చెయ్యి దూరేంత బొక్కలు. అవతలి రాయి మీద ఒక నీటికుక్క ముందుకాళ్ళతో కొర్రమట్టను నిలువునా పట్టుకుని, కళ్ళు సగం మూసి, కరకరమని నములుతోంది. పిలగాడు రాయి విసిరితే తోక దాకా తిన్నాకనే నీళ్ళలోకి జారింది.

సాయంత్రం రావిచెట్టు కింద సంఘం కూర్చుంది. “దాన్ని చంపితే కేసయితదట” అన్నాడు ఒకాయన. “కేసు మనకు, చేపలు దానికా?” అన్నాడు పిలగాడు. అందరూ నవ్వారు గానీ ఎవరికీ నవ్వు రాలేదు. బోధన్ అంగట్లో చేపల తట్ట పెట్టి ముసలిదైపోయిన అవ్వ ఒకతి చెట్టు మొదట్లో కూర్చుని ఉంది.

“నా పెండ్లయిన కొత్తల సుత ఉండె గదరా ఇవి. అప్పుడు దొంగలు గానియి, ఇప్పుడెట్లయినయ్?”

జవాబు చెప్పే ఓపిక ఎవరికీ లేదు. ఆ రాత్రే ఎవరో చేప కడుపులో గుళికల మందు కూరి ఒడ్డున పెట్టారు. తెల్లారి రెండు నీటికుక్కలు తేలాయి. మిగిలినవి మళ్ళీ కనబడలేదు. వారం రోజులు వలలు బరువుగానే వచ్చాయి. “చూసినవా అవ్వా?” అన్నాడు పిలగాడు.

మరుసటేడు మడుగు ఇంకా చిన్నదయింది. వలకు బొక్కల్లేవు, బరువూ లేదు. ఈసారి దొంగలు నీటికాకులని తేల్చారు. అవి వాలే తుమ్మచెట్లు నరికారు. ఆ పై ఏడు అవతలి ఒడ్డు ఊరివాళ్ళు దొంగలయ్యారు. తలలు పగిలాయి, ఠాణాకూ బోధన్ కోర్టుకూ తిరగడంతోనే వానాకాలం గడిచింది. నాలుగో ఏడు అవతలి ఒడ్డు వాళ్ళు వల వేయడమే మానేశారు. అప్పుడిక వాడలోనే అన్నదమ్ములు ఒకరి వల ఒకరు రాత్రిపూట పోయి చూసుకోవడం మొదలుపెట్టారు.

ఒక రాత్రి అవ్వ పిలగాణ్ణి లేపింది. “నడు, దొంగను జూపిస్త.” మడుగు దాకా పోలేదు, గట్టు మీదే ఆగింది. చీకట్లో నల్ల పైపులు గట్టెక్కి చెరకు తోటల్లోకి పోతున్నాయి. మోటార్లు గుయ్‌మంటున్నాయి. ఒక్కొక్క పైపు మీద కాలు పెట్టుకుంటూ లెక్కపెట్టింది. తొమ్మిదో పైపు దగ్గర నిలబడింది. అది పిలగాడి మేనబావది. మొదటేడు సంఘంలో కూర్చున్న పెద్దమనిషీ అతనే.

పొద్దున అవ్వ అడిగితే అతను దాచలేదు. “చెరకు ఎండబెట్టుకొని నేనేం తినాలె అవ్వా?”

“నేనేమన్న నీకు గుళికల మందు వెట్టుమన్ననారా?” అంది అవ్వ.

*

నీతి: ఇరుకు దారిలో చేతికి దొరికినవాణ్ణి దొంగ అనేముందు, దారిని ఇరుకు చేసిందెవరో అడగాలి.

ఇది మంజీర ఒడ్డుకే పరిమితమైన నీతి కాదు. నిజామాబాద్ పిల్లలు సాఫ్ట్‌వేర్ కొలువులకు పోయే సియాటెల్‌లో సముద్రానికీ సరస్సుకూ నడుమ బల్లార్డ్ లాకులు ఉన్నాయి. 1917లో ప్రారంభించారు. స్టీల్‌హెడ్ అనే చేప గుడ్లు పెట్టడానికి సముద్రం నుంచి ఎగువకు ఎక్కేటప్పుడు ఎక్కువగా వాటి పక్కనున్న సన్నటి చేపల మెట్ల మీదుగానే పోతుంది. 1980లలో సముద్ర సింహాలు ఈ కిటుకు కనిపెట్టి ఆ మెట్ల మొదట్లో కాపు కాశాయి. వాటిని చంపడానికి వీల్లేదు. అమెరికాలో సముద్రపు క్షీరదాల రక్షణ చట్టం 1972లోనే వచ్చింది, మన వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చిందీ ఆ ఏడే.

టపాకాయలు పేల్చారు. పట్టి కాలిఫోర్నియాకు తీసుకుపోయి వదిలితే కొన్ని వారాల్లో ఈదుకుంటూ తిరిగొచ్చాయి. ఫైబర్‌తో బొమ్మ తిమింగలం చేసి నీళ్ళలో నిలబెట్టారు కూడా. మన చేలో దిష్టిబొమ్మకు పిట్టలు ఎంత భయపడతాయో అవీ అంతే భయపడ్డాయి. 1994లో చట్టం సవరించి, తప్పనిసరైతే చంపే వీలు కల్పించారు. 1996లో మూడింటిని పట్టి ఫ్లోరిడాలోని ఒక జలచర ప్రదర్శనశాలకు పంపారు. అప్పటికే ఒకప్పుడు వేలల్లో ఎక్కే చేప వందకు లోపు పడిపోయింది. సింహాలు పోయాక కూడా అది కోలుకోలేదు. అంతకు ముందు 1992లో కెనడాలోని న్యూఫౌండ్‌లాండ్‌లో కాడ్ చేప వేట ఆపేయాల్సి వచ్చినప్పుడు కూడా చాలామంది సీళ్ళ వైపే వేలు చూపించారు. సముద్రాన్ని ఊడ్చింది పెద్ద ఓడల వలలని తేలడానికి ఎంతోకాలం పట్టలేదు.

అలాగని జంతువు ఏమీ తినదని వాదించేవాళ్ళతో నాకు పేచీ ఉంది. తింటుంది. చేప వేలల్లో ఉన్నప్పుడు దాని తిండి లెక్కలోకి రాదు. వందకు దిగాక ప్రతి నోరూ లెక్కే. వల చినిగిన ఇంట్లో అప్పు నిజం. హైదరాబాద్‌లో కూర్చుని నీటికుక్క ఫొటోకు లైకు కొట్టే మనిషి ఆ అప్పులో పైసా కట్టడు. కావేరి ఒడ్డున కర్ణాటకలోనూ జాలర్లకూ నీటికుక్కలకూ ఇదే తగవు నడిచింది. అక్కడ కొందరు నీళ్ళలో తోటాలు పేల్చి చేపలు పట్టేవారు. తోటా పేలితే పిల్ల చేపతో సహా పోతుంది. అయినా నింద మాత్రం నీటికుక్క మీదే పడేది.

మన ఇరుకు పుట్టుక చూస్తే ఎవర్నీ తిట్టబుద్ధి కాదు. నవాబ్ అలీ నవాజ్ జంగ్ ఆధ్వర్యంలో 1923లో మొదలై 1931కి పూర్తయిన, మంజీర మీది నిజాంసాగర్ ఆనకట్ట వల్లే ఈ నేలకు చెరకు వచ్చింది. చెరకు వచ్చింది కనుకే 1937లో బోధన్ శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వెలిసింది. ఎన్నో ఇళ్ళలో ఆ ఫ్యాక్టరీ జీతంతోనే పెళ్ళిళ్ళు జరిగాయి, పిల్లలు చదువుకున్నారు. తర్వాత పైన సింగూరు ఆనకట్ట వచ్చింది, ఆ నీళ్ళు హైదరాబాద్ కుళాయిలకు పోయాయి. ఇంకా కింద మిగిలిన ఏటి నుంచి ఇసుక లారీలు పోయాయి. వీళ్ళలో ప్రతి ఒక్కరికీ అవ్వకు మేనబావ చెప్పిన జవాబే ఉంది, అది అబద్ధమూ కాదు. కాకపోతే ఈ లెక్క వేసేటప్పుడు మడుగు తరఫున మాట్లాడే మనిషి ఎన్నడూ బల్ల దగ్గర లేడు.

2016 నుంచి ప్రభుత్వం చెరువుల్లో, ప్రాజెక్టుల్లో ఉచితంగా చేపపిల్లలు వదులుతోంది. మంచిదే. కానీ పిల్లను వదిలితే సరిపోదు, మే నెలలో అది దాక్కోవడానికి లోతు నీళ్ళు కావాలి. ఊరికొక లోతు మడుగును మాఘం నుంచి తొలకరి దాకా వలా మోటారూ రెండూ పెట్టకుండా వదిలేస్తే తల్లి చేప మిగులుతుంది. నీటికుక్కా ఆ మడుగునే నమ్ముకుంటుంది గనుక పక్క మడుగులోని వల జోలికి రావడం తగ్గొచ్చు. కానీ అన్ని నెలలు వాడ ఏం తినాలన్నది సంఘం ఒక్కటే తేల్చుకోగల సంగతి కాదు.

2015లో మూతపడ్డ బోధన్ ఫ్యాక్టరీని మళ్ళీ తెరుస్తామన్న మాట ఎన్నికలప్పుడల్లా వినిపిస్తూనే ఉంది. నిజంగా తెరిస్తే చెరకు ఎకరాలు పెరుగుతాయి, గట్టెక్కే పైపులూ పెరుగుతాయి. ఫ్యాక్టరీ వాడిన నీళ్ళు ఎక్కడికి వదలాలన్న ప్రశ్న కూడా అప్పుడే వస్తుంది. బెల్లపు మడ్డి కలిసిన నీళ్ళు ఏట్లోకి వస్తే ఊపిరాడక చేప తేలిపోతుంది. చెరకు రైతు సంఘాన్నీ కార్మిక సంఘాన్నీ ఆ చర్చలకు పిలవడం ఖాయం. గంగపుత్రుల సంఘం నుంచి కూడా ఒకరి పేరు, పిలుపు కోసం చూడకుండా ఇప్పుడే రాసి కలెక్టరేట్‌లో ఇచ్చి రావాలి.