డబ్బులిచ్చిన మనిషి

"డబ్బులిచ్చిన మనిషి ఫోన్ ఎత్తట్లేదు."

ఈ వాక్యంలో డబ్బులు ఎవరివి? ఇచ్చింది ఆ మనిషా, లేక ఆ మనిషికి మనం ఇచ్చామా? తెలుగు చెప్పదు. చెప్పాల్సిన అవసరమూ లేదు. వింటున్నవాళ్ళకి ముందూ వెనకా సంగతి తెలిసే ఉంటుంది కదా అని ఊరుకుంటుంది.

కొన్నేళ్ళ క్రితం నేను పనిచేసిన ఒక కంపెనీకి ఈ వాక్యం ఫిర్యాదుగా వచ్చింది. డబ్బులు పంపుకునే యాప్ అది. తెలుగులో వచ్చిన ఫిర్యాదుని మెషీన్ ఇంగ్లీషు చేసి, తెలుగు రాని సపోర్ట్ వాళ్ళకి చూపిస్తుంది. మెషీన్ ఈ వాక్యాన్ని "నాకు డబ్బులిచ్చిన వ్యక్తి" అన్న అర్థంలో, ఒక్క తప్పు లేని ఇంగ్లీషులో రాసిపెట్టింది. దాంతో డబ్బులు పోగొట్టుకున్నాయన కాస్తా డబ్బులు పుచ్చుకున్నాయన అయిపోయాడు. పుచ్చుకున్నవాడికి ఫిర్యాదేమిటని టికెట్ మూసేశారు. మళ్ళీ రాశాడు, మళ్ళీ మూసేశారు. మూడోసారి అది తెలుగు తెలిసినవాళ్ళ కంటపడింది.

అంతకు నెల ముందు వరకూ ఆ స్క్రీన్ మీద, మెషీన్‌కి అనుమానం ఉన్నచోట, రెండో అనువాదం కూడా చిన్న అక్షరాల్లో కనిపించేది. గందరగోళంగా ఉందని రివ్యూలో అన్నారు. నాకూ నిజమే అనిపించింది. ఆ లైను తీసేసింది నేనే.

ఆ తర్వాత చాలా కాలానికి 'అనుసారక' గురించి చదివాను. 1980ల్లో ఐఐటీ కాన్పూర్‌లో కంప్యూటర్ సైన్స్ వాళ్ళు కొందరు భారతీయ భాషల మధ్య అనువాదానికి పూనుకున్నారు. వినీత్ చైతన్య, రాజీవ్ సంగల్ అందులో ముఖ్యులు. బృందం మొత్తానికి 'అక్షర భారతి' అని ఒక ఉమ్మడి పేరు పెట్టుకున్నారు. 1995లో వచ్చిన వాళ్ళ పుస్తకం మీద ఆ పేరు ఒక రచయిత పేరులాగే ఉంటుంది. పని తర్వాత హైదరాబాద్ విశ్వవిద్యాలయానికీ, అక్కణ్ణుంచి హైదరాబాద్ ట్రిపుల్ ఐటీకీ వచ్చింది. తెలుగు నుంచి హిందీకి కూడా అనుసారక తయారైంది.

వాళ్ళకి ఎదురైన చిక్కు మనకి తెలిసిందే. ఇంగ్లీషులో ఎవరు ఎవర్ని అన్నది పదాల వరస చెప్తుంది. మనకి వరస మారినా పెద్ద తేడా రాదు. "అమ్మ పిల్లిని తరిమింది" అన్నా "పిల్లిని అమ్మ తరిమింది" అన్నా ఒకటే. ఇంగ్లీషు కోసం తయారైన పద్ధతులు ఇక్కడ సరిగ్గా అతకవు. అందుకని వాళ్ళు పాణిని దగ్గరికి వెళ్ళారు.

వెళ్ళడం విశేషం కాదు. టెక్నికల్ యూనివర్సిటీల్లో ఇంకో శాస్త్రం గుమ్మం తొక్కడం ఇప్పుడు మామూలే. చాలాసార్లు జరిగేది ఏమిటంటే, ప్రశ్న ఇంజనీరుది, డేటా మాత్రం పక్క డిపార్ట్‌మెంటుది. భాషాశాస్త్రం చదివినవాళ్ళు కూర్చుని వాక్యాలకి లేబుళ్ళు అంటిస్తారు, మనం మోడల్ ట్రెయిన్ చేస్తాం. పేపర్లో ఇద్దరి పేర్లూ ఉంటాయి. కానీ అవతలి శాస్త్రం మన ప్రశ్నని వెంట్రుకవాసి కూడా కదిలించదు.

అనుసారక విషయంలో ప్రశ్నే మారిపోయింది. "ఈ వాక్యాన్ని హిందీలోకి మార్చడం ఎలా?" అని మొదలైంది, "ఈ వాక్యం ఏం చెప్తోంది, ఏం చెప్పకుండా వదిలేస్తోంది?" దగ్గరికి వచ్చింది. వ్యాకరణం అడిగే ప్రశ్న అది. దాని వెనకే ఇంకొకటి వస్తుంది: వదిలేసినదాన్ని పూరించే హక్కు ఎవరిది?

'ఇచ్చిన', 'తిన్న', 'చెప్పిన' లాంటివాటిని బడిలో క్రియాజన్య విశేషణాలని చదువుకున్నాం. తిన్న పిల్లాడు, తిన్న పండు, తిన్న కంచం. మాట ఒకటే, పిల్లాడు తిన్నవాడు, పండు తినబడింది, కంచంలో తిన్నారు. ఆ సంబంధం ఏమిటో 'తిన్న' చెప్పదు. హిందీలో అలా కుదరదు. 'జిస్‌నే' అనాలి, లేదంటే 'జిస్‌కో' అనాలి. ఏదో ఒకటి తేల్చాలి. అనుసారక తేల్చలేదు. హిందీలో లేని ఒక గుర్తు పెట్టి, ఇక్కడ తెలుగు ఏమీ చెప్పలేదు, నువ్వే చూసుకో అని పాఠకుడికి వదిలేసింది. అలా వచ్చే హిందీ ఒడుదొడుకులుగా ఉంటుందని వాళ్ళకి తెలుసు. అందుకే దాన్ని అనువాదం అనలేదు, ఇంకో భాషని చదువుకోడానికి సాయపడే సాధనం అన్నారు. బరువు కొంత మెషీన్‌ది, కొంత మనిషిది.

పాణిని సంప్రదాయంలో దీనికి దగ్గరి మాట ఒకటుంది: వివక్ష. మనం ఇవాళ పేపర్లో చదివే వివక్ష కాదు. వ్యాకరణంలో వివక్ష అంటే చెప్పాలన్న కోరిక, చెప్పేవాడి ఉద్దేశం. "కత్తితో కోశాను" అంటే కత్తి పనిముట్టు. "ఈ కత్తి బాగా కోస్తుంది" అంటే కత్తే కర్త. కత్తి మారలేదు, చెప్పేవాడు దాన్ని చూసిన తీరు మారింది. ఎవర్ని కర్తని చెయ్యాలన్నది చెప్పేవాడి ఇష్టం. ఆ ఇష్టాన్ని మెషీన్ తన చేతుల్లోకి తీసుకుంటే? అప్పుడు ఆ మాటకి రెండో అర్థం కూడా వచ్చి చేరుతుందేమోనని నాకు అనుమానం.

అయితే ఇందులో నాకు ఇబ్బంది పెట్టే సంగతి కూడా ఉంది. అనుసారక జనంలోకి పెద్దగా వెళ్ళలేదు. వ్యాకరణ సూత్రాలు రాయకుండా కోట్ల వాక్యాలు మింగిన న్యూరల్ మోడళ్ళు వెళ్ళాయి. ఇంగ్లీషు రాని మా అమ్మ ఆస్పత్రి కాగితాన్ని ఫోన్ కెమెరాతో తెలుగులో చదువుకుంటోందంటే వాటి పుణ్యమే. ఆవిడకి గుర్తులూ చుక్కలూ పెట్టిన తెలుగు చూపించి "మిగతాది నువ్వు ఊహించుకో" అంటే అది నిజాయితీ అవుతుందా, చదువుకున్నవాడి పొగరు అవుతుందా? అందరికీ అంత తీరికా ఓపికా ఉంటాయనుకోవడం కూడా ఒక రకం అన్యాయమే.

నిజమే. కానీ నునుపు వేరు, నిజం వేరు. మెషీన్ ఊహించడం తప్పు కాదు, మనుషులమూ ఊహిస్తాం. ఊహించానని చెప్పకపోవడమే తప్పు. అదే ట్రిపుల్ ఐటీలో తర్వాత తయారైన ఇంగ్లీషు-హిందీ అనుసారకలో దీనికి ఒక జవాబు ఉంది. మూల వాక్యం నుంచి చివరి హిందీ దాకా ఒక్కో మెట్టూ ఒక్కో వరసలో కనిపిస్తుంది. తొందరున్నవాళ్ళు చివరి వరస చదువుకోవచ్చు. అనుమానం వచ్చినవాళ్ళు పైకి వెళ్ళి, మెషీన్ ఎక్కడ ఏం చేసిందో చూసుకోవచ్చు. ప్రోగ్రాం కూడా ఎవరైనా విప్పి చూసుకోగలిగే ఫ్రీ సాఫ్ట్‌వేర్. ఇవాళ్టి మోడళ్ళకీ ఏ మాట దగ్గర ఎంత సందేహం ఉందో లోపల అంకెలు ఉంటాయి. వాటిని చూపించాలా వద్దా అన్నది టెక్నాలజీ ప్రశ్న కాదు. ఎవరో ఒక మీటింగులో కూర్చుని తేల్చే ప్రశ్న. ఆ మీటింగులో నేనూ ఉన్నాను.

ఆ రోజు మా గదిలో ఇంజనీర్లం, డిజైనర్లం, ప్రొడక్ట్ వాళ్ళం ఉన్నాం. గందరగోళంగా ఉన్నది స్క్రీన్ కాదు, వాక్యమే అని చెప్పగల మనిషి ఒక్కరూ లేరు. వ్యాకరణం చదువుకున్నవాళ్ళు ఉంటే మోడల్ ఏమీ మెరుగుపడేది కాదు. లైను మాత్రం ఉండేదేమో.

తర్వాత ఆ లైను తిరిగి పెట్టాం. ఇప్పటికీ గందరగోళంగానే ఉందంటారు.