మనోరాజ్యములోని దానము

ఆర్జించిన ధనమును ఎట్లు వినియోగింపవలయునో పెద్దలు పలువిధముల బోధించియున్నారు. ఆర్జింపని ధనమును మనస్సులో వెచ్చించు తీరును గూర్చి మాత్రము అంతగా విచారణ జరిగినట్లు లేదు. లాటరీలో బహుమతి వచ్చినచో ఏమేమి చేయుదుమని తలపోయనివారు అరుదు. చీటి కొన్నవారే కాక కొననివారును ఈ తలపోతలో పాలుగొందురు. దీనినే మన పూర్వులు మనోరాజ్యమనిరి. ఇది నిర్దోషమైన వినోదమా, లేక నడవడిని చెరచు వ్యసనమా యని విచారించుటయే యీ వ్యాసమున మా యుద్దేశము.

మొదట లాటరీ స్వరూపమును తెలిసికొందము. ఇది మన దేశమునకు క్రొత్తది కాదు. కలకత్తాలో 1817వ సంవత్సరమున లాటరీ కమిటీ యేర్పడి, అట్లు వచ్చిన సొమ్ముతో నగరమున వీధులు వేయించెను. కేరళ ప్రభుత్వము 1967లో తానే లాటరీని నెలకొల్పెను. తమిళనాడు 2003లో లాటరీలను నిషేధించెను. 2022వ సంవత్సరపు ఓణము పండుగ లాటరీకి కేరళలో చీటి వెల 500 రూపాయలు, మొదటి బహుమతి 25 కోట్ల రూపాయలు. చీటీలు 60 లక్షలకు పైగా అమ్ముడుపోయెను. మొదటి బహుమతి పొందినది ఒక్క చీటియే. ఏజెంటు కమీషను నూటికి 10 వంతునను, మిగిలినదానిపై ఆదాయపు పన్ను నూటికి 30 వంతునను తీసివేసినచో, అదనపు పన్నుల మాట యటుంచినను, 25 కోట్లు 15 కోట్ల 75 లక్షలగును. కావున చీటి కొన్న లక్షలాది జనులలో దాదాపు అందరికిని ఆ 500 రూపాయలకు దక్కినది కొన్నిదినముల కల మాత్రమే.

పంచతంత్రమునందు ఒక బ్రాహ్మణుని కథ కలదు. అతడు భిక్షమెత్తి తెచ్చిన పేలపిండిని కుండలో నింపి, పైని వ్రేలాడగట్టి, దానిక్రింద పరుండి, ఆ పిండి నమ్మి మేకలను, మేకల నమ్మి ఆవులను, క్రమముగా గుఱ్ఱములను, మేడను, భార్యను, సోమశర్మయను కుమారుని సంపాదించినట్లు తలపోసెను. భార్య బిడ్డను కనిపెట్టలేదని కోపించి, ఆమెను తన్నబోయి కుండను పగులదన్నెను. ‘ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగ’మను సామెత ఇట్టివారికే తగును. ఈ కథ విన్నవారు పిండి నేలపాలయ్యెనని నవ్వుదురు. మాకు తోచునది వేఱు. ఐశ్వర్యము వచ్చెనని యనుకొన్నంతనే అతనికి స్ఫురించిన యధికారము భార్యను తన్నుట! కల అతనికి క్రొత్త దుర్గుణమును ఈయలేదు. లోనున్నదానిని వెలికి దీసెను. ఎవడు ఏమి కోరుచున్నాడో, ఎవరిపై పెత్తనము చేయదలచినాడో వాని మనోరాజ్యమే చెప్పగలదు.

చదువుకొన్నవారి మనోరాజ్యము ఇంత మోటుగా నుండదు. అందు బాలికల పాఠశాలలు వెలయును. బీదవిద్యార్థులకు భోజనశాలలు లేచును. రోగులకు ఉచితముగ ఔషధములు దొరకును. మంచిదే. అయినను ఆ దానమువలన దాతకు తఱుగున దేమియు లేదు. కలలో లక్షలు వెదజల్లినవాడు, మేల్కొన్నపిమ్మట, ఇంట పాచిపని చేయు నామె బిడ్డ పుస్తకములకై వేయి రూపాయలు అడిగినచో ముఖము చిట్లించుట మనమెరుగనిది కాదు. చేయని దానముయొక్క తృప్తిని మనస్సు ముందుగనే యనుభవించి, చేయవలసినది చేసితినని ఊరకుండును. మనోరాజ్యమునందలి దోషమిదియే.

అట్లని బీదవాని కలను నిందించుటకు మాకు నోరు రాదు. చీటిని చేతబట్టుకొని కూలివాడేమి కోరును? అప్పు తీరవలెననియు, వానకు కురియని యిల్లు కావలెననియు, కూతురి చదువు ఆగకుండవలెననియు కోరును. ఇవి విలాసములు కావు. న్యాయముగ నడచు సంఘమున కష్టించువానికి దొరకవలసినవి. వీనికై అదృష్టము నాశ్రయింపవలసివచ్చుట వాని యవివేకముకంటె మన యుపేక్షను ఎక్కువగా చాటుచున్నది. లాటరీ యాదాయము సత్కార్యములకు వినియోగపడుచున్నదని కొందరందురు. కేరళలో 2011లో ఆరంభమైన కారుణ్య లాటరీ బీదరోగుల చికిత్సకు తోడ్పడిన మాట సత్యము. అయినను, సాయము కావలసినవాడే సాయమునకు సొమ్ము చెల్లించుటయు, కలిగినవాడు చీటి కొనక తప్పించుకొనుటయు ధర్మమనిపించుకొనునా?

ఇక బహుమతి వచ్చినవారి సుఖమెట్టిది? 1978లో ఫిలిప్ బ్రిక్మన్ మొదలగువారు అమెరికాలోని ఇల్లినాయి రాష్ట్రమున లాటరీ గెలిచిన 22 మందిని ప్రశ్నించిరి. వారు తక్కినవారికంటె చెప్పదగినంత సుఖముగ నున్నట్లు కానరాలేదు. పైగా నిత్యజీవితములోని చిన్న సంతోషములలో వారికి రుచి తగ్గియుండెను. 22 మందిని బట్టి లోకమంతటికిని సిద్ధాంతము చేయరాదు. అయినను ధనము రాగానే మనము వేఱు మనుష్యుల మగుదుమను నమ్మకమునకు ఇది ప్రతికూలమే.

కావున కలను మానుడని మేము చెప్పము. దానిని లెక్కకు తెండని చెప్పుదుము. కోటి వచ్చిన చేయదలచిన ధర్మకార్యములను కాగితముపై వ్రాసి, ఒక్కొక్క పద్దు కెదురుగా నేటి యాదాయముతో అందెంత సాధ్యమో వ్రాయుడు. పాఠశాల కట్టింపలేనివాడు ఒక బాలికకు జీతము కట్టగలడు. వైద్యశాల నిలుపలేనివాడు ఒక రోగిని వైద్యునియొద్దకు తీసికొనిపోగలడు. ఈ కొంచెమును చేయనొల్లనివాడు కోటి వచ్చినను చేయుననుటకు ఏమి యాధారము కలదు? చేయువానికి మాత్రము ఏ చీటియు అక్కరలేదు. తదుపరి నెల జీతము వచ్చు దినము చాలును.