ఉడుతను కిందికి పిలిచిందెవరు?

మా మంసాపురానికి పడమర కొండలు. శ్రీవిల్లిపుత్తూరు దగ్గరి ఆ అడవిని బూడిదరంగు పెద్ద ఉడుత కోసమే 1988లో అభయారణ్యం చేశారు. కొమ్మా కొమ్మా కలిసిన చెట్లుంటేనే ఈ ఉడుతకు బతుకు. ప్రమాదమొస్తే పక్క చెట్టుకు దూకుతుంది. నేలమీదికి దిగడం అరుదు.

పోయిన వేసవిలో మామ మామిడితోటలో దాన్ని ఫోటో తీద్దామనుకున్నా. ఆకుల్లో తోక తప్ప ఏమీ పడలేదు. అందుకని చెట్టు మొదట్లో పండు ముక్కలు పెట్టా. మూడోరోజు దిగింది. ఫోటో బాగా పడింది. అంతలోనే తోట కుక్క ఉరికింది! ఉడుత ఎలాగో చెట్టెక్కి తప్పించుకుంది.

కుక్కది తప్పేం లేదు, తోట కాయడం దాని పని. నేను రాయి వెయ్యలేదు, తిండే కదా పెట్టాను అని సర్దిచెప్పుకున్నా. కానీ అది దాని ఆకలి కోసమా, నా ఫోటో కోసమా? ఆకలికైతే చెట్టునిండా కాయలున్నాయి గదా. ఉచ్చులో పెట్టేదీ తిండే.

చూసినవాళ్ళంతా "ఎంత దగ్గరగా తీశావురా!" అన్నారు. దగ్గరికి వెళ్ళింది నేను కాదని ఎవరికీ చెప్పలేదు.

ఈ ఏడు మళ్ళీ కాపొచ్చింది. చెట్టుకింద ఊరికే కూర్చుంటున్నా. ఇప్పటికి తోక మాత్రమే పడింది.