అక్కరగలవాని పత్రము

అమెరికాలో అద్దె ఇండ్ల యజమానులు అనేకులు కుక్కను గాని పిల్లిని గాని ఉంచనియ్యరు. ఉంచనిచ్చినను వేరుగా రుసుము పుచ్చుకొందురు. అయితే అచ్చటి గృహవసతి చట్టమును 1988లో సవరించి, అంగవైకల్యము గాని తీవ్రమైన మనోవ్యాధి గాని గలవారికి తగిన మినహాయింపు నిరాకరింపరాదనిరి. దానినిబట్టి, జంతువు తోడువలన ఉపశమనము పొందు రోగులు వైద్యుని పత్రము చూపి అనుమతి పొందుచు వచ్చిరి.

ఈ మేలును కొందరు వర్తకముగా మార్చిరి. రోగిని ఎరుగకయే సొమ్ము పుచ్చుకొని పత్రములమ్మిరి. కావున కాలిఫోర్నియా రాష్ట్రము, కుక్క నిమిత్తము పత్రమిచ్చువాడు సాధారణముగా 30 దినములైనను ముందుగా ఆ రోగిని చూచుచుండవలెనని 2022 నుండి విధించెను.

“రుసుము తప్పించుకొంటిని, ఎవరికి నష్టము?” అందువా? నీ అబద్ధము బయటపడిన దినమున, యజమాని నీ వెనుక వచ్చిన రోగి పత్రమునుకూడ నమ్మడు. రాత్రివేళ భయముతో లేచి, కుక్కమీద చేయి వేసికొనిననేగాని నెమ్మదిపడని స్త్రీకి ఇల్లు దొరకదు. నీకు మిగిలిన రూకలు ఆమె చెల్లించినవే.

యజమానీ, నీవును ఆలోచించుము. పదిమంది మోసగించిరని పదునొకండవవాని బాధను త్రోసివేయుట న్యాయమా?

అక్కరగలవాడు సిగ్గుపడక అడుగవలెను. అక్కరలేనివాడు ఉచితముగా ఇచ్చినను పుచ్చుకొనరాదు.